పన్నెండో దంటు

యీలాన్,
2018 డిసెంబరు 17, సోమవారం.

బావోషాన్ అన్నకు,

ఉదయం మైనస్ ఇరవై ఆరు. గాలి లేదు. ఆకాశం తేట. వాకిట్లో మంచు ఎత్తాను. పొయ్యి గొట్టం దులిపాను. క్యాబేజీ ఊరేసిన జాడీ మీద రాయి పక్కకి జరిగితే సర్దాను. అవి అయ్యాక కూర్చుని ఇది మొదలుపెట్టాను. ఫోనులో చెప్పేవాణ్ణే, కానీ నీ చెవులకి ఇప్పుడు ఏదీ ఎక్కడం లేదని మీ అమ్మాయి చెప్పింది.

నిన్న నేనూ నీ మరదలు షియూచినూ హార్బిన్ వెళ్ళి వచ్చాం. ఈ శరదృతువులో కొత్త రైలు పడింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయవచ్చు. నేను రిటైరై ఆరేళ్ళయింది, ఒక్కసారైనా ఆ ఊరు చూపించావా అని తనే అడిగింది. షియూచిన్ దేనికీ అడిగే మనిషి కాదని నీకు తెలుసు. అందుకే వెంటనే సరే అన్నాను.

బయలుదేరేటప్పుడు ఒక పొడవాటి మూట తెచ్చింది. పాత దుప్పట్లో చుట్టి మూడు చోట్ల తాడు కట్టింది. ఏమిటని అడిగితే జొన్న దంట్లు అంది. కుడుములు పేర్చే పళ్ళెం అల్లడానికట. హార్బిన్‌లో ఎవరికి అల్లుతుంది, అక్కడ మనకెవరూ లేరు. నేను అడగలేదు.

ఆ మూట రోజంతా మాతోనే తిరిగింది. బస్సులో ఒకాయన టోపీ ఎగరగొట్టింది. ఆయన, "పెద్దమ్మా, గేలం వేయడానికి చెరువు ఇటు కాదు" అన్నాడు. షియూచిన్ నవ్వింది. రాళ్ళు పరిచిన పెద్ద వీధిలో అందరూ ఆ చలిలో నిలబడి పుల్ల ఐసు తింటుంటే తనూ కావాలంది. రెండు కొన్నాను. నా కుడివైపు పన్ను జివ్వుమంది. తను మాత్రం చివరిదాకా తినేసి పుల్లని జేబులో పెట్టుకుంది. పచ్చ గుమ్మటం చర్చి ముందు ఫొటో తీయించుకున్నాం. మూటని ఎక్కడ పెట్టాలో తెలియక మధ్యలో నిలబెట్టింది. ఫొటో ఇప్పుడు నా ముందుంది. అటు తను, ఇటు నేను, మధ్యలో ఆ మూట. దుప్పటి కప్పుకున్న మూడో మనిషిలా ఉంది.

ఆ తర్వాత నది దగ్గరికి పోదామంది. నేను వద్దన్నాను. చలి ఎక్కువ, కాళ్ళు నొప్పి, రైలు టైమవుతుంది అన్నాను. తను వినకుండా ముందు నడిచింది.

కింద నది మీద ఐసు కోస్తున్నారు. దీపాల పండగకి ఇంకా వారం ఉంది. ఇప్పుడు రంపాలు యంత్రాలవి. కానీ గునపాలూ కొక్కేలూ మనం ఐసు కోసిన నాటివే. దిమ్మలు వరుసగా పేర్చి ఉన్నాయి. షియూచిన్ చేతి తొడుగు తీసి ఒక దిమ్మ మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఒక రెల్లు ఆకు ఉంది, పచ్చదనం కూడా పోలేదు. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత మూట విప్పింది.

పన్నెండు దంట్లు. ప్రతిదాని చివరా ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంది.

మేస్త్రీ అరుస్తూ వచ్చాడు, ఇక్కడికి రాకూడదు అని. దంట్లు చూసి ఆగాడు. యాభై దాటిన మనిషి, మనవైపు వాడే, మాటలో తెలుస్తుంది. "హెచ్చరికకి కంపెనీ వాళ్ళ జెండాలున్నాయి పెద్దమ్మా, తాడు కూడా కట్టాం" అన్నాడు.  ఆయనే షియూచిన్ నడుముకి తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు. ఐసు కోసిన చోట నీళ్ళ చుట్టూ షియూచిన్ నడుస్తూ ఒక్కొక్క దంటూ మంచులో గుచ్చింది. పదకొండు. పన్నెండోది చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఊరి కమిటీ వాళ్ళకి దంట్లు పాతలేదని చెప్పావు. నాకు చెప్పు. ఆ రోజు పాతావా, లేదా?"

అన్నా, ముప్పై నాలుగేళ్ళలో తను నన్ను అడగడం ఇదే మొదటిసారి. నిజం చెప్పాను. తెలీదన్నాను.

షియూచిన్ ముఖం మారింది. కోపం కాదు, భయంలా ఉంది. "నువ్వు పాతలేదనే అనుకుని నీతో బతకడం నేర్చుకున్నాను. ఇప్పుడు తెలీదంటే నేనేం చెయ్యను?" అంది.

రైలెక్కాం. దంటుని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు.

చాంగ్లిన్ షియూచిన్‌కి తమ్ముడైతే, నీకూ తమ్ముడిలాంటి వాడే. ఆ సాయంత్రం ఐసు మీద నుంచి అందరికన్నా చివర వచ్చింది నువ్వు. నీకేమైనా గుర్తుందా? అదే అడుగుదామని రాశాను.

దెహాయ్.


యంతాయ్,
డిసెంబరు 29.

తమ్ముడు దెహాయ్‌కి,

ఉత్తరం అందింది. ఈ వయసులో మరదలికి పుల్ల ఐసు తినిపించావంటే నీకూ కాస్త బుద్ధి వచ్చిందన్నమాట. ఫొటో ఉందన్నావు, పంపనేలేదు. మూట లేకుండా ఇంకోటి తీయించుకోండి.

ఇక్కడ మైనస్ రెండుకే జనం ముక్కులకి గుడ్డలు కట్టుకు తిరుగుతున్నారు. నేను చూసి నవ్వుతుంటాను. మా అమ్మాయి చెవికి ఒక యంత్రం కొంది. పెట్టుకుంటే ప్రపంచమంతా గరిటె పెట్టి మూకుడు గీకుతున్నట్టుంటుంది. సొరుగులో పడేశాను. మనవరాలు నాకేదైనా చెప్పాలంటే పలక మీద రాస్తుంది. తిట్లు కూడా రాస్తుంది.

ఎండు రొయ్యలు ఒక పొట్లం పంపుతున్నాను. క్యాబేజీలో వెయ్యండి.

నువ్వడిగిన దాని గురించి. చాలా ఏళ్ళయిపోయింది. ఆ రోజు ఎంత చలి, చూపు ఆనేదా. పాత సంగతులు తవ్వితే ఎవరికీ మేలు జరగదు. మరదలిని నిదానంగా ఉండమను. నువ్వూ నిద్రపో. మీరు ఒకసారి ఇటు రండి. ఇక్కడ సముద్రం గడ్డకట్టదు.

బావోషాన్.


యీలాన్,
2019 జనవరి 8.

బావోషాన్ అన్నకు,

మైనస్ ముప్పై. మంచు పడుతోంది. కట్టెలు చీల్చాను.

రొయ్యలు అందాయి. షియూచిన్ పొట్లం విప్పలేదు. షెల్ఫు మీద పెట్టింది. హార్బిన్ నుంచి వచ్చిన నాటి నుంచి తను పొయ్యి వేడితో వెచ్చబడే పడక అరుగుకి ఆ చివర పడుకుంటోంది. వంట చేస్తుంది, పిలిస్తే పలుకుతుంది. పన్నెండో దంటు గుమ్మం పక్కన నిలబెట్టింది. బయటికి వెళ్ళినప్పుడల్లా, లోపలికి వచ్చినప్పుడల్లా అది నాకు కనబడుతుంది.

నేను రోజూ నోటుబుక్కులో వాతావరణం, చేసిన పని రాస్తానని నీకు తెలుసు. నాకు చదువు నేర్పిన వాళ్ళెవరూ లేరు. అలా రాసుకుంటూనే నేర్చుకున్నాను. అందుకని ఒక్కరోజు కూడా వదల్లేదు. ఆ రోజుది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"1985 జనవరి 16. మైనస్ ముప్పై ఒకటి. తేట. నూట పన్నెండు దిమ్మలు తీశాం. గుర్రానికి రెండుసార్లు దాణా. రంపం పళ్ళకి పదును పెట్టాలి. ఆకురాయి ఐసు మీదే"

అంతే. అక్కడిదాకా రాసేసరికి తలుపు కొట్టారు. ఆకురాయి కోసమని చాంగ్లిన్ వెనక్కి వెళ్ళాడు. నేను వెళ్ళమన్లేదు, వద్దనీ అనలేదు. వాడు రాలేదని చెప్పడానికి వచ్చారు.

ఐసు కోసిన చోట నీళ్ళ చుట్టూ దంట్లు పాతడం జట్టు నాయకుడి పని, అంటే అప్పుడు నాది. గంటలో పలచటి పొర పడుతుంది, దాని మీద మంచు పేరుకుంటుంది, ఇక ఏది గట్టి ఏది కాదో కనబడదు. నేను దీపం పట్టుకుని అక్కడికి చేరేసరికి ఒక్క దంటు కూడా లేదు. అందుకని కమిటీ ముందు, నేను పాతి ఉండను అని చెప్పాను. నా నాయకత్వం తీసి నీకిచ్చారు. ఇచ్చినందుకు నాకేనాడూ బాధ లేదు.

కానీ ఒక్కోరోజు నిద్రలేవగానే నా అరచేతులకి దంట్ల గరుకు తెలుస్తుంది. పన్నెండూ లెక్కపెడుతూ గుచ్చినట్టు. అది కలో జ్ఞాపకమో తేల్చుకోలేకపోతున్నాను. ఈ నోటుబుక్కు షియూచిన్ వాడు పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మ నాడు చదివిందట. మొన్న చెప్పింది. "గుర్రం దాణా రాశావు. రంపం పళ్ళు రాశావు. ఇది రాయలేదు. అదే జవాబనుకున్నాను" అంది.

అన్నా, నేను ఇంత పొడుగు ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. గుర్తులేదని నువ్వు రాయలేదు. చాలా ఏళ్ళయిందని రాశావు. అవి రెండూ ఒకటి కావు.

దెహాయ్.


యంతాయ్,
ఫిబ్రవరి 20.

దెహాయ్,

మన కొత్త సంవత్సరం పండగ వెళ్ళేదాకా ఆగాను. పండగ పూట మీ ఇంటికి ఇలాంటి ఉత్తరం రాకూడదనుకున్నాను. అది సాకే. డిసెంబరు నుంచి మూడుసార్లు రాసి చింపాను.

నువ్వు పాతావు. పన్నెండూ పాతావు. నేను చూశాను. చివరిది గుచ్చి, గుడ్డ సరిచేసి, "త్వరగా రా, చీకటి పడుతుంది" అని నాతో అని, గుర్రాన్ని తోలుకుని చాంగ్లిన్‌తో వెళ్ళావు.

నేను రెండో మంచుబండి కోసం ఆగాను. దాని కింది చెక్కలు ఐసుకి అతుక్కుపోయాయి. గునపంతో కొడుతుంటే కాలు జారి చీలమండదాకా నీళ్ళలోకి దిగింది. ఆ చలిలో తడి బూటు అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. ఒడ్డుదాకా నడిస్తే కాలు మిగలదనుకున్నాను. నది మీద కట్టె ముక్క ఎక్కడుంటుంది? నీ దంట్లు ఉన్నాయి. ఒకటి పీకాను. భగ్గున అంటుకుంది. ఎనిమిది పీకాను. బూటు ఆరింది, కాలు దక్కింది. ఇంటికెళ్ళి వేరే దంట్లు తెచ్చి పాతుదామనే అనుకున్నాను, ఒట్టు. బూడిద మీద మంచు తోసి, పైదారి పట్టుకుని ఊళ్ళోకి వచ్చాను, అందుకే చాంగ్లిన్ నాకు ఎదురుపడలేదు. వచ్చాక సారా పోసుకున్నాను. వెచ్చగా ఉంది. కూర్చున్నాను.

ఇది ఒక్కటే అయితే ఎప్పుడో చెప్పేవాణ్ణేమో. ఇంకోటి ఉంది. వాడు రాలేదని ఊళ్ళో గోల మొదలవగానే అందరికంటే ముందు పరిగెత్తింది నేను. నాలుగు దంట్లు అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే మిగతా ఎనిమిదీ ఏమయ్యాయని అడుగుతారు. నాలుగూ పీకి నీళ్ళలోకి తోసేశాను. అప్పుడే నీ దీపం కనబడింది. నువ్వు వచ్చి ఐసు మీద వెతికి చూశావు. నీ ముఖం చూశాను. నువ్వు నమ్మేశావు.

కమిటీ ముందు నువ్వు మాట్లాడుతుంటే నేను నీ వెనకే నిలబడ్డాను. రేపు చెబుదాం అనుకున్నాను. తర్వాత నీ చోటు నాకిచ్చారు. రేపు అనేది ఇంకా కష్టమైపోయింది.

సముద్రం గడ్డకట్టదనే ఈ ఊరు వచ్చాను. అమ్మాయి పిలిచిందని మీకు చెప్పాను. నేనే అడిగి వచ్చాను. చెవులు పోయాక ఒకటే మిగిలింది. ఆ దంట్లు కాలేటప్పుడు చిటపటమన్న చప్పుడు.

మరదలికి చూపించు. నా మీద కోపముందా అని అడగడానికి నాకు హక్కు లేదు, అయినా అడుగుతున్నాను.

బావోషాన్.


యీలాన్,
మార్చి 3.

బావోషాన్‌కి,

మైనస్ పదకొండు. మబ్బు. బావి చుట్టూ పేరుకున్న ఐసు కొట్టాను.

ఉత్తరం చేరిన రోజే షియూచిన్ చేతికిచ్చాను. కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదివింది. మడిచి కవరులో పెట్టింది. ఒక్క ప్రశ్న రాయమంది. మిగిలిన నాలుగు దంట్లూ ఏ వైపున నిలబడి ఉన్నాయి?

కోపం ఉందా అని అడిగావు. ఉంది. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు బాగా ఉంటుంది. మధ్యాహ్నానికి అలిసిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది.

దెహాయ్.


యంతాయ్,
మార్చి 15.

దెహాయ్,

ఉత్తరం వైపు రెండు. తూర్పున ఒకటి. ఎగువన ఒకటి. మన ఒడ్డు వైపువన్నీ నేను పీకినవే. అవి నా చేతికి దగ్గరగా ఉన్నాయి.

సమాధుల పండగ చింగ్‌మింగ్‌కి వాడి కోసం కాగితాలు కాలుస్తారుగా, వచ్చి పక్కన నిలబడనా? వద్దంటే రాను.

బావోషాన్.


యీలాన్,
ఏప్రిల్ 9.

బావోషాన్ అన్నకు,

పొద్దున మైనస్ మూడు. దక్షిణపు గాలి. చలికాలమంతా కిటికీ సందులకి అంటించిన కాగితం పట్టీలు చింపాను. నది ఇంకా కదల్లేదు. ఐసు నల్లబడింది, అంచుల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. ఇవాళో రేపో వెళ్ళిపోతుందని చేపలవాళ్ళు అంటున్నారు.

నీ ఉత్తరం చదివాక షియూచిన్ పొయ్యిలో బూడిద చేటకెత్తుకుని వాకిట్లోకి వెళ్ళింది. శవం దొరక్క చాంగ్లిన్ సమాధిలో వాడి టోపీ తప్ప ఏమీ లేదని ఏటా మన పంచాంగం పదో నెల మొదటిరోజున తను నాలుగు దారులు కలిసే చోట బూడిదతో గుండ్రంగా గీత గీసి, లోపల కాగితం చలిబట్టలు కాలుస్తుందని నీకు తెలుసు. వాడు వచ్చి తీసుకోవడానికి నది వైపు గీతలో ఖాళీ వదులుతుంది. వాకిట్లో కూడా అలాగే గీసింది. నువ్వు చెప్పిన నాలుగు చోట్లా నాలుగు బొగ్గు ముక్కలు పెట్టింది. ఒడ్డు వైపు ఖాళీ వదిలేసింది. చూస్తూ నిలబడింది.

"దంట్లు కనబడ్డాయి వాడికి. ఇటు లేవుగదా అని ఇదే గట్టి దారనుకున్నాడు" అంది. కాసేపటికి మళ్ళీ అంది, "నేనేమో ఏటా ఇలాంటి ఖాళీయే వదిలి వాణ్ణి రమ్మంటున్నాను."

గీతని కాలితో చెరిపేసింది. లోపలికి వచ్చి ఏడ్చింది. వాడు పోయినప్పుడు కూడా నా ఎదుట ఏడవలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక ఆమె బూట్లు విప్పి పొయ్యి దగ్గర పెట్టాను. ఆ రోజు నుంచి అరుగు మీద ఇటు చివర పడుకుంటోంది.

చింగ్‌మింగ్‌కి నువ్వు రాలేదు. మేమేమీ రాయకపోతే వద్దన్నామనుకున్నావు. నేను రాద్దామంటే తను ఆగమంది. చింగ్‌మింగ్ రోజున వాడికి కాగితాలు కాల్చాం. ఈసారి తను గీతలో ఖాళీ వదల్లేదు. తిరిగి వస్తూ, "బావోషాన్‌ని రమ్మను. ఎలాగూ చెవుడు, నేనెంత తిట్టినా వినపడదు. పలక మీద రాస్తాను" అంది. నిన్న నీ రొయ్యల పొట్లం విప్పింది. కాబట్టి రా. పన్ను ఊడిపోయేదాకా తిడుతుంది. అది నీ భాగం, పడాలి.

మిగిలింది నాది. నిన్న షియూచిన్ ఆ పాత నోటుబుక్కు నా ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చి, విడిచిపెట్టిన మాట రాయమంది. దంట్లు పన్నెండు పాతాను అని. నాకూ రాయాలనే ఉంది. ముప్పై నాలుగేళ్ళు ఆ మాట కోసమే చూశాను. పెన్ను కాగితం మీద పెట్టి కూర్చున్నాను. కానీ అన్నా, నువ్వు చూశావని రాస్తే నాకు తెలిసింది, అంతే. గుర్తు మాత్రం రాలేదు. గరుకు తెలుస్తోంది, చేతులు కనబడటం లేదు. గుర్తు లేనిది నేనెప్పుడూ రాయలేదు. రాయలేనని చెప్పాను.

తనకి కోపమొస్తుందనుకున్నాను. నోటుబుక్కు మూసి పెట్టెలో పెట్టేసింది.

"అయితే ఇవాళ్టిది రాయి" అంది.

గుమ్మం పక్కనున్న దంటుకి పొద్దున చివర చెక్కాను. ఎర్రగుడ్డ వెలిసిపోయిందని తన మెడగుడ్డలోంచి కొత్త ముక్క చింపి కట్టింది. ఇప్పుడు బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లేవయ్యా ముసలాయనా, ఐసు కదలకముందే ఒడ్డు దాకా పోదాం అంటోంది. ఈ రెండు ముక్కలూ రాసి వస్తానన్నాను. ముందు పని చూడు, వచ్చి రాద్దువుగాని అంటోంది. నోటుబుక్కులో ఏం రాయాలో అదే ఇక్కడా రాస్తున్నాను.

ఏప్రిల్ 9. మైనస్ మూడు. దక్షిణపు గాలి. కాగితం పట్టీలు చింపాను. దంటు